ఎప్పటిలాగే ఆదివారం

స్మారక ఉపన్యాసాన్ని ఒక పేరు తలచుకుని మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను పేరు మిగలనివాళ్లను తలచుకుని మొదలుపెడతాను. మదురై, కోయంబత్తూరు ప్రాంతాల క్రైస్తవ చరిత్ర తెరిస్తే గురువుల పేర్లు దొరుకుతాయి, బిషప్పుల పేర్లు దొరుకుతాయి, వాళ్లను ఆదరించిన రాజుల పేర్లూ, చెరసాలలో వేసిన రాజుల పేర్లూ దొరుకుతాయి. గురువు రాని ఏళ్లలో గుడి తలుపు తీసి, ఊడ్చి, దీపం పెట్టి, వచ్చిన నలుగురి చేతా జపం చెప్పించిన కోవిల్‌పిళ్ళై, అంటే గుడి సేవకుడి, పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. కూలి పోతుందని తెలిసీ ఆదివారం కూడికకు వచ్చిన ఇల్లాలి పేరూ ఉండదు. ఈ నేల మీద క్రైస్తవ ఆరాధన నాలుగు వందల ఏళ్లు నిలబడిందంటే దాన్ని నిలబెట్టినవాళ్లు ముఖ్యంగా వాళ్లేనని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలేమిటో, అందులో ఇప్పటి సంఘాలకు పనికొచ్చే పాఠమేమిటో చెప్పడానికే ఈ ప్రసంగం.

మన పేటల్లో, కాలనీల్లో, పల్లెల్లో చిన్న చిన్న సంఘాలున్నాయి. పదిళ్లవాళ్లో ఇరవై ఇళ్లవాళ్లో ఒక అద్దె గదిలోనో, రేకుల షెడ్డు కిందో, పాస్టరుగారి ఇంటి ముందుగదిలోనో కూడుకుంటారు. వాళ్లకు ఎదురయ్యే అడ్డంకి ప్రతిసారీ కర్ర పట్టుకుని రాదు. ‘ఇక్కడ కూడిక పెట్టడానికి ఎవరినడిగారు?’ అన్న ప్రశ్నగా వస్తుంది. ఇల్లు ఖాళీ చేయమన్న కబురుగా వస్తుంది. పెళ్లికి పిలుపు రాదు, చావుకు పాడె మోసేవాళ్లు రారు. ఎవరో అర్జీ పెడతారు, దాని మీద నోటీసు వస్తుంది. నాలుగైదు నెలలు ఇలా గడిచేసరికి సంఘంలోనే గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటి పుడుతుంది: ‘కొన్నాళ్లు ఆపేద్దామా?’ పిరికితనంతో అడిగే ప్రశ్న కాదది. పిల్లల బడి, మగవాడి పని, ఆడవాళ్లు నీళ్లకు వెళ్లే దారి, అన్నీ లెక్కవేసుకున్నాక పుట్టే ప్రశ్న. కాబట్టి దానికి ఉద్రేకంతో కాక ఆలోచించి జవాబు చెప్పాలి. ఆపవద్దన్నదే నా జవాబు. ఎందుకు ఆపకూడదో, ఆపకుండా ఉండటమంటే ఎలా ఉండటమో ఇక చెబుతాను.

మొదట బైబిలులో ఒక ఇంటిని చూద్దాం. దర్యావేషు రాజు ముప్పై రోజుల పాటు తనకు తప్ప మరెవరికీ ఎవరూ విన్నపం చేయకూడదని శాసనం వేశాడు. అది తెలిసిన దానియేలు ఇంటికి వెళ్లాడు. యెరూషలేము వైపు తెరిచి ఉన్న పైగది కిటికీల దగ్గర, రోజుకు మూడుసార్లు, అంతకుముందు ఎలా చేసేవాడో అలాగే మోకరించి ప్రార్థన చేశాడు. మనం సింహాల గుహ దగ్గర ఆగిపోతాం గానీ ఆ కథ అసలు బలం ఈ కిటికీలో ఉంది. శాసనానికి జడిసి అతను కిటికీ మూయలేదు. శాసనం మీద పంతానికి కొత్త కిటికీ తెరవనూ లేదు. మూడుసార్ల ప్రార్థన రెండుసార్లకు తగ్గలేదు, నాలుగుసార్లకు పెరగలేదు. వ్యతిరేకత వచ్చినప్పుడు మనిషిని రెండు కోరికలు లాగుతాయి. ఒకటి దాక్కోవాలన్న కోరిక, రెండోది రెచ్చగొట్టాలన్న కోరిక. దేనికి లొంగినా మన ఆరాధన ఎలా ఉండాలో ఎదిరించేవాడే నిర్ణయించినట్టవుతుంది. దానియేలు ఆ అధికారం దేవుడికి తప్ప ఎవరికీ ఇవ్వలేదు. ఎప్పటిలాగే చేశాడు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ‘ఎప్పటిలాగే’ అన్న మాటలో ఉంది.

ఇక మన ఊళ్ల సంగతికి వద్దాం. 1529లో విశ్వనాథ నాయకుడి పాలన మొదలైన నాటి నుంచి 1736లో నాయక రాజ్యం ముగిసేదాకా మదురై కొలువులో తెలుగు మాట్లాడారు. డెబ్బై రెండు పాళెయాలుగా రాజ్యాన్ని పంచిన కాలంలోనూ, అంతకుముందు విజయనగర సేనల వెంటా తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివచ్చాయి. నల్లరేగడి వెతుక్కుంటూ కమ్మవారు, రెడ్లు వచ్చారు. మగ్గాలతో దేవాంగులు వచ్చారు. పశువుల మందలతో రాజకంబళత్తు నాయకర్లు వచ్చారు. తోలుపని చేస్తూ, ఆ తర్వాత పట్టణాలను తుడిచి శుభ్రం చేస్తూ బతికిన అరుంధతీయులలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈనాటికీ ఎన్నో ఉన్నాయి. వచ్చినవాళ్లెవరూ ఒట్టి చేతులతో రాలేదు, తమ దేవతను వెంట తెచ్చుకున్నారు. కంబళత్తువారు జక్కమ్మను తెచ్చుకున్నారు, దేవాంగులు చౌడేశ్వరిని తెచ్చుకున్నారు. బడిలో తమిళం, సంతలో తమిళం, ఇంట్లో మాత్రం తెలుగు అన్నట్టు తరాలు గడిచినా కొలుపు మానలేదు. వలస వచ్చిన జనం తన ఆరాధనను విడవకుండా మోసుకు రావడం, కొత్త నేల మీద దాన్ని నాటుకోవడం, చుట్టుపక్కలవాళ్లు దానికి చోటివ్వడం ఈ ప్రాంతపు తెలుగువాళ్లకు ఒకరు నేర్పాల్సిన సంగతి కాదు. వాళ్ల ఉనికే అలా ఏర్పడింది. కాబట్టి ఒక చిన్న క్రైస్తవ సంఘం తన ఆరాధనను నిలుపుకుంటామంటే అది ఈ ఊళ్ల తీరుకు విరుద్ధమైన కోరిక కాదు. ఈ ఊళ్లు పుట్టిన తీరే అది.

మదురైలో క్రైస్తవ ఆరాధన మొదట్లోనే చిక్కులో పడింది. 1595 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు జెసూట్ గొన్సాలో ఫెర్నాండెజ్ అక్కడికి వచ్చిపోయే పరవ క్రైస్తవులకూ పోర్చుగీసువాళ్లకూ గురువుగా ఉన్నాడు. స్థానికులలో ఒక్కరూ ఆ గుడిలోకి రాలేదు. అది పరంగుల మతమన్నది వాళ్ల భావన. పరంగి అంటే తెల్లవాడని మాత్రమే అర్థం కాదు, ఆచారం లేనివాడని, దగ్గరికి రానీయకూడనివాడని. 1606లో వచ్చిన ఇటలీ దేశస్థుడు రాబర్ట్ డి నొబిలి ఈ మాట బరువు గ్రహించాడు. కాషాయం కట్టి, మాంసం మాని, వేరే కుటీరంలో ఉంటూ తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చుకున్నాడు. జెసూట్ల ఉత్తరాలలో తెలుగును బడగ భాష అన్నారు, అంటే వడక్కు నుంచి, ఉత్తరం నుంచి వచ్చినవాళ్ల భాష అని. నొబిలికి సంస్కృతం చెప్పిన శివధర్మ తెలుగు బ్రాహ్మణుడు, 1609లో బాప్తిస్మం పొందాడు. అంతకుముందు ఒక బడిపంతులు ఇరవై రోజుల పాటు, రోజూ గంటల తరబడి నొబిలితో వాదించి, ఆ వాదం ముగిశాక విశ్వాసంలోకి వచ్చాడు. ఆ ఇరవై రోజులను కాస్త ఊహించండి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు, ప్రశ్నకు జవాబు, జవాబుకు మళ్లీ ప్రశ్న, సాయంత్రమైతే లేచిపోవడం, మర్నాడు మళ్లీ వచ్చి కూర్చోవడం. ఒప్పించడానికి బలవంతమూ లేదు, తొందరా లేదు. ఈ నేల మీద మన ఆరాధన మొదలైన తీరు ఇది. ఎదిరించేవాళ్లతో ఇవాళ ఎలా మసలుకోవాలో కూడా ఆ ఇరవై రోజులలోనే ఉంది.

తర్వాత ఏమైంది? నొబిలి మీద మొదటి ఫిర్యాదు బయటివాళ్లు చేయలేదు, 1610లో తోటి గురువే చేశాడు. జుట్టుముడి, జంధ్యం ఉంచుకోనివ్వడం తప్పని అభియోగం. 1619లో గోవాలో పెద్దల సభ కూడింది. 1623 జనవరి 31న పోప్ పదిహేనో గ్రెగరీ తీర్పుతో గానీ ఆ గొడవ సద్దుమణగలేదు. కొలువు సంగతి చూస్తే ఒక నాయకుడి కాలంలో ఆదరణ, మరొక అధికారి చేతికి వస్తే దోపిడీ. 1640లో నొబిలినే మదురైలో చెరసాలలో పెట్టారు. జాన్ డి బ్రిట్టో, ఈ ప్రాంతం అరుళానందర్ అని పిలుచుకునే గురువు, మరవ సీమలో 1686లో చిత్రహింసలు పడి, దేశం దాటి వెళ్లి, తిరిగి వచ్చి, 1693 ఫిబ్రవరి 4న ఓరియూరులో తల వాల్చాడు. ముందురోజు చెరసాల నుంచి ఉత్తరం రాయడానికి సిరా దొరక్క బొగ్గుతో రాశాడు. ఆయన ప్రాణం విడిచిన చోట ఎర్రగా కనిపించే ఇసుకను ఇప్పటికీ భక్తులు పిడికెడు ఇంటికి తీసుకుపోతారు. ఈ ఘటనలన్నిటినీ వరసగా పెట్టి చూస్తే ఒకటి తేలుతుంది. రాజుల ఆదరణ నిలకడ లేనిది, పై అధికారుల ఏకాభిప్రాయమూ నిలకడ లేనిదే. వీటిలో ఏదో ఒకటి కుదిరాక ఆరాధన చేద్దామని సంఘం కూర్చుని ఉంటే మదురైలో మొదటి పదేళ్లలోనే అంతా ముగిసిపోయేది.

దీనికి ఇంకా గట్టి ఆధారం 18వ శతాబ్దంలో ఉంది. 1759లో పోర్చుగల్ తన రాజ్యం నుంచి జెసూట్లను వెళ్లగొట్టింది. 1773లో పోప్ జెసూట్ల సభనే రద్దు చేశాడు. మళ్లీ జెసూట్లు మదురై మిషన్‌కు తిరిగి వచ్చింది 1830ల చివర. మధ్యలో అరవై ఏళ్లకు పైగా, అంటే రెండు తరాలు, ఇంత పెద్ద ప్రాంతానికి గోవా నుంచీ ఇతర చోట్ల నుంచీ వచ్చిన కొద్దిమంది గురువులే దిక్కు. ఆ కాలంలోనే మైసూరు యుద్ధాలు కోయంబత్తూరు సీమను తొక్కేశాయి. 17వ శతాబ్దంలో వెలసిన కరుమత్తంపట్టి జపమాల మాత గుడిని పడగొట్టడం, మళ్లీ కట్టడం దాని చరిత్రలోనే భాగమైపోయింది. గురువు ఏడాదికి ఒక్కసారి వస్తే గొప్ప. పూజ లేదు, పాపసంకీర్తన లేదు. అయినా పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వడం, మంచం పట్టినవాడి దగ్గర జపం చెప్పడం, ఆదివారం గుడి ముందు చేరడం ఆగలేదు. ఆ పనులు చేసింది ఉపదేశులు, కోవిల్‌పిళ్ళైలు, ఇళ్లలో పెద్దవాళ్లు. గురువులు తిరిగి వచ్చేసరికి సంఘం అక్కడే ఉంది. రాజు కాపాడలేదు, గురువు దగ్గర లేడు, గుడి గోడలు కూడా కొన్నిచోట్ల లేవు. మిగిలింది కూడుకునే అలవాటు ఒక్కటే. ఆ అలవాటే మోసింది.

ఇదే సంగతిని తెలుగునాట మరొక కోణంలో చూడవచ్చు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలై ఏళ్ల తరబడి ఫలితం లేక, మూసేద్దామా అని అమెరికాలోని బోర్డు ఒకటికి రెండుసార్లు చర్చించే స్థితికి వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించినవాళ్లు ఐదుగురు. మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు భారతీయ విశ్వాసులు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. అదే నెలలో యర్రగుంట్ల పేరయ్య పిలుపు మీద మిషనరీ జాన్ క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి ఇరవై ఎనిమిది మందికి బాప్తిస్మం ఇచ్చాడు. వాళ్లంతా మాదిగలు. ఊళ్లో వ్యతిరేకత ఆ తర్వాతే భగ్గుమంది. ఆదివారం పనికి రామన్నారని, జాతరకు డప్పు కొట్టబోమన్నారని, చచ్చిన గొడ్డు మాంసం తినబోమన్నారని ఊరి అధికారులు కన్నెర్ర చేశారు. బావి దగ్గరికి రానివ్వలేదు, పని ఇవ్వలేదు, లేనిపోని కేసులు పెట్టారు. ఇందులో దేవుడి గురించిన తగాదా ఎంత? చాలా తక్కువ. ఆరు రోజులు వంగి పనిచేసినవాడు ఏడో రోజు నిటారుగా కూర్చోవడమే తగాదా. ఈనాటి అడ్డంకులను కూడా ఇలాగే విప్పి చూడాలి. పైకి మతంగా కనిపించే పట్టింపులో లోపల ఎంత భాగం భూమి గొడవ, ఎంత భాగం కూలి గొడవ, ఎంత భాగం పెత్తనం గొడవ అన్నది తెలుసుకుంటే పొరుగువాడి దేవుణ్ణి నిందించాల్సిన అవసరమే మనకు రాదు.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వద్దాం. మొదటిది సొంతవాళ్ల నుంచే వస్తుంది: ‘గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని ప్రభువే చెప్పాడు కదా, ఎవరింట్లో వాళ్లు చేసుకుంటే గొడవే ఉండదు.’ ఆ బోధ మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉంది, నిజమే. అయితే అది ఎవరికి చెప్పిన మాట? నలుగురూ చూడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్లకు. భయపడ్డవాళ్లను దాక్కోమని చెప్పిన మాట కాదది. అదే ప్రభువు విశ్రాంతిదినాన సమాజమందిరానికి వెళ్లేవాడని, అది ఆయన వాడుక అని లూకా రాశాడు. హెబ్రీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయం అలిసిపోయిన సంఘానికి రాసింది. ఆస్తులు పోగొట్టుకున్నారు, నలుగురిలో నిందలు పడ్డారు, కొందరు కూడికకు రావడం మానేస్తున్నారు. ఆ పత్రిక వాళ్లను వీరులు కమ్మని అడగలేదు. కలుసుకోవడం మానవద్దంది, ఒకరినొకరు హెచ్చరించుకోమంది. విడివిడిగా ఇళ్లలో ఉన్న నిప్పుకణికలు తొందరగా బూడిదవుతాయి. అరవై ఏళ్లు గురువు అరుదైన మదురై పల్లెల్లో ఎవరింట్లో వాళ్లు జపం చేసుకుని ఊరుకుని ఉంటే, తిరిగి వచ్చిన గురువులకు సంఘం అన్నది కనబడేదా?

రెండో అభ్యంతరం పొరుగువాళ్లది: ‘మీ మైకు మోతతో మాకు నిద్ర లేదు, ఇళ్ల మధ్య ఇదేమిటి?’ దీన్ని వ్యతిరేకత అని కొట్టిపారేయకూడదు. చాలాసార్లు ఇది న్యాయమైన మాట. చెన్నైలో చర్చ్ ఆఫ్ గాడ్ సంఘానికీ కె.కె.ఆర్. మెజెస్టిక్ కాలనీ నివాసులకూ నడిచిన వ్యాజ్యంలో 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పక్కవాళ్ల ప్రశాంతతను చెడగొడుతూ మైకులతో, డప్పులతో ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదన్నది దాని సారాంశం. అదే ఏడాది వచ్చిన శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులను నిషేధించాయి. ఈ తీర్పును మన సంఘాలు తమకు వ్యతిరేకమని అనుకోవడం పొరపాటు. ప్రార్థనను ఆపమని కోర్టు అనలేదు, మోతను తగ్గించమంది. నా సలహా సూటిగా చెబుతాను. ఇళ్ల మధ్య ఉన్న సంఘం మైకు తీసి పక్కన పెట్టాలి. ఇరవై మందికి మైకెందుకు? మందిరం కట్టాలంటే కట్టడానికి కావలసిన అనుమతులన్నీ ఓపికగా తెచ్చుకోవాలి. వాహనాలతో సందు మూయకూడదు. పొరుగువాడి న్యాయమైన ఫిర్యాదును తీర్చిన సంఘమే అతని అన్యాయమైన ఫిర్యాదు ముందు నిటారుగా నిలబడగలదు.

మూడోది అన్నిటికన్నా తరచుగా వినబడే అభ్యంతరం: ‘ఇది పరాయి మతం, ఆశపెట్టి చేర్చుకున్న మతం.’ పరాయి అన్న మాటకు జవాబు ముందే చెప్పాను. ఉత్తరం నుంచి వచ్చిన భాషకూ దేవతలకూ చోటిచ్చిన నేల ఇది, నాలుగు వందల ఏళ్లనాటి ఆరాధనను పరాయిదనడం ఈ నేలకు తగదు. ఆశ అన్న మాటకు మాత్రం లెక్కలతో జవాబు చెప్పాలి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న అనుమానం ఉండకూడదని కరువు పని ముగిసేదాకా ఆగాడు. పంచడానికి ఇక ఏమీ లేని 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈనాటి సంగతి చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకున్న షెడ్యూల్డ్ కులస్థుడు ఆ హోదా పోగొట్టుకుంటాడు. తమిళనాడులో అతను వెనుకబడిన తరగతుల జాబితాలోకి వెళ్తాడు. 2009లో అరుంధతీయులకు విడిగా ఇచ్చిన 3 శాతం వాటా కూడా అతనికి దక్కదు. చేరినందుకు లాభం రాకపోగా ఉన్నది పోయే చోట ఆశ చూపి చేర్చారనడం ఎలా నిలుస్తుంది? అయినా మనవాళ్లలో ఎవరైనా జబ్బునో, అప్పునో, పేదరికాన్నో అడ్డం పెట్టుకుని మనిషిని లాగుతుంటే, అది సువార్తకే కళంకం. 1977లో స్టానిస్లావ్ కేసులో సుప్రీంకోర్టు ప్రచారం చేసుకునే హక్కులో ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు చేరదని చెప్పింది. ఇరవై రోజులు ఎదురుగా కూర్చుని మాట్లాడిన మదురై వాదం మనకు ఆదర్శం కావాలి.

నాలుగో అభ్యంతరం నన్ను ఎక్కువగా బాధపెట్టేది, ఎందుకంటే దానికి పూర్తి జవాబు మన దగ్గర లేదు. ‘బయటివాళ్లు మిమ్మల్ని గడప దాటనివ్వడం లేదంటారు. మీ చర్చిలో మీరు ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారు?’ నొబిలి పద్ధతి పై కులాలవాళ్లకు దారి తెరిచింది గానీ కులాన్ని లోపలికి తెచ్చింది. 1640 నుంచి బల్తజార్ డ కోస్టా వంటి, పండారస్వాములనే గురువులు కింది కులాల మధ్యకు వెళ్లారు గానీ గురువులూ వేరు, చోట్లూ వేరు అన్న విభజన మిగిలింది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది సంఘాలలో కులాన్ని వెంటనే వదలాలని ఉత్తరం రాస్తే ఎంతోమంది సంఘాన్నే వదిలారు. తమిళనాడులో వేరు వేరు సమాధి స్థలాలు, మధ్యలో గోడలు ఈ శతాబ్దంలోనూ వార్తలకెక్కాయి. దీన్ని దాచితే మన మాటకు విలువ ఉండదు. అయితే ఈ తప్పు వల్ల ఆరాధన మానాలన్నది సరైన ముగింపు కాదు, ఆరాధనను దిద్దుకోవాలన్నదే ముగింపు. తెలుగు అరుంధతీయ కుటుంబం మిగతావాళ్లతో ఒకే చాప మీద, ఒకే పాత్ర నుంచి ప్రభు సంస్కారం తీసుకోగలిగిన చోట, ఆ సంఘం ఊరికి చెప్పే సాక్ష్యం ఏ ప్రసంగంకన్నా బలమైనది. అది లేని చోట ఊరివాళ్ల వ్యతిరేకత తొలగినా సంఘానికి ఒరిగేది తక్కువ.

చివరి అభ్యంతరం ఓర్పు గురించి: ‘ఓర్చుకోవాలి అంటున్నారు, మళ్లీ పోలీసు స్టేషనుకూ కోర్టుకూ పోవచ్చా?’ అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం చదవండి. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసిన పౌలును మర్నాడు గుట్టుగా వెళ్లిపొమ్మన్నారు. అతను వెళ్లనన్నాడు. రోమా పౌరుణ్ణని చెప్పి, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. పగ తీర్చుకోవడం అతని ఉద్దేశం కాదు. తాను వెళ్లిపోయాక ఆ ఊళ్లో మిగిలే చిన్న సంఘం నేరస్థుల గుంపుగా ముద్ర పడకూడదని. మనకు రాజ్యాంగం 25, 26 అధికరణాలున్నాయి. నమ్మే, ఆచరించే, చాటే స్వేచ్ఛ అందరికీ సమానమని, శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యానికి లోబడి ఉంటుందని అవి చెబుతాయి. తమిళనాడులో 2002లో వచ్చిన బలవంతపు మతమార్పిడి నిషేధ చట్టం 2004లో రద్దయింది. అర్జీ పెట్టడం, వకీలును కలవడం, అధికారి ముందు మర్యాదగా నిలబడి మాట్లాడటం, ఇవన్నీ ఓర్పులో భాగమే. చేయి చేసుకోకూడదు, ఎదుటివాడి దేవతను తిట్టకూడదు, అబద్ధపు కేసు పెట్టకూడదు. ఈ మూడు గీతలు దాటనంత వరకు హక్కు అడగడం విశ్వాసానికి ఏ లోటూ చేయదు.

మరి ‘ఎప్పటిలాగే’ ఉండటమంటే పొరుగుతో తెగతెంపులు చేసుకుని మన గదిలో మనం ఉండటమా? కాదు. బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరంలో ఇళ్లు కట్టుకోమని, తోటలు వేసుకోమని, తాము ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించమని ఉంది. తమను చెరపట్టిన పట్టణం అది. పెళ్లికి పిలవని ఇంటికి మనింటి పెళ్లిపిలుపు వెళ్లాలి. పాడె మోయడానికి రానివాడి ఇంట చావు జరిగితే మన భుజం ముందుండాలి. అతని పండుగ రోజున మన గుమ్మం ముందు అతనికి అసౌకర్యం కలగకూడదు. ఇదంతా ఆరాధనకు బయటి పని అనుకోకండి, ఆదివారం నేర్చుకున్నదాన్ని సోమవారం చేయడమే. మరొక మాట. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చర్చిలో తమిళంలో ప్రార్థిస్తాయి. తమిళ ఆరాధన వాళ్లదే, దాన్ని విడవమనడం లేదు. కానీ పిల్లవాడు అమ్మతో మాట్లాడే తెలుగులో ఒక్క ప్రార్థనైనా నేర్చుకుంటే, చర్చి తలుపు మూసిన రోజు వచ్చినా అతని నోట ఆరాధన మిగులుతుంది. గురువు అరుదైన అరవై ఏళ్లను దాటించింది ఇలా నోటికి వచ్చిన జపాలే.

శనివారం రాత్రి ఒక చిన్న సందులోని మందిరాన్ని తలచుకోండి. పగలంతా ఊరి వీధులు ఊడ్చి వచ్చిన ఒక అమ్మ, చేయి కడుక్కుని మళ్లీ చీపురు పడుతుంది. ఈసారి ఆమె ఊడ్చేది తన దేవుడి ఇల్లు. చాపలు బయట దులిపి పరుస్తుంది. పైన రేకు కారిన చోట గిన్నె పెడుతుంది. గోడకు ఆనించిన బల్ల మీద గుడ్డ మార్చి, బైబిలు దాని మీద పెడుతుంది. కిందటి వారం గుమ్మం ముందు గుంపు చేరిందని ఆమెకు తెలుసు, ఈ వారం చేరవచ్చనీ తెలుసు. రెండు చాపలు తక్కువ వేయదు, ఎవరికో చూపడానికి రెండు ఎక్కువ వేయదు. నొబిలి వాదానికి, బ్రిట్టో బొగ్గు అక్షరాలకు, ఒంగోలు కొండ మీది ఐదుగురికి వారసురాలు ఆమే. ఆమె పేరు కూడా రేపటి చరిత్ర పుస్తకంలో ఉండకపోవచ్చు. ఈ ఉపన్యాసం ఆమె జ్ఞాపకార్థమని నేను అనుకుంటున్నాను. ఆపేద్దామా అని అడిగే సంఘానికి నేను చెప్పగలిగిన జవాబు ఆమె చాపలు పరిచే తీరులో ఉంది. తలుపు గట్టిగా తెరవకండి, మూసేయకండి. పొద్దున్నే తీసి ఉంచండి, ఎప్పటిలాగే.